పాత ఓడలు తుక్కు కాకుండా ఆపగలమా? గంజాం తీరం తెలుగువాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏదో ఒక యుద్ధనౌక తుక్కుకి వెళ్తోందని పేపర్లో పడగానే ఒడిశాలోని బరంపురం, ఛత్రపురం, గోపాల్‌పూర్ వైపు తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపుల్లో అవే ప్రశ్నలు మొదలవుతాయి. కార్తీక పౌర్ణమి నాడు బోయితలు (చిన్న బొమ్మ పడవలు) నీళ్ళలో వదిలి ఇంటికొచ్చాక ఇంకొన్ని వస్తాయి. ప్రతిసారీ విడివిడిగా రాసే కంటే అన్నీ ఒకచోట పెడితే మేలనిపించింది. ఏ ప్రశ్న కావాలో అదొక్కటే చదువుకున్నా సరిపోతుంది.

## మొదట్లో వచ్చే అనుమానాలు

ఓడ ముసలిదైపోతే తుక్కు చెయ్యక ఇంకేం చేస్తారు? ఈ బెంగంతా దేనికి?

చాలా ఓడలు తుక్కుకే వెళ్ళాలి, అందులో తప్పేమీ లేదు. ఉక్కు మళ్ళీ వాడుకలోకి వస్తుంది, రేవులో చోటు ఖాళీ అవుతుంది. దాచమని అడిగేది వేళ్ళ మీద లెక్కపెట్టగలిగిన కొన్నిటిని మాత్రమే. పాత విక్రాంత్‌నే తీసుకోండి. 1961లో నౌకాదళంలో చేరిన మన మొదటి విమానవాహక నౌక అది. 1971 యుద్ధానికి బాయిలర్‌లో పగులుతోనే, వేగం తగ్గించుకుని బంగాళాఖాతంలో దిగింది. దాని మీంచి లేచిన విమానాలు చిట్టగాంగ్, కాక్స్ బజార్ మీద దాడి చేశాయి. దాన్ని వెతుక్కుంటూ వచ్చిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ విశాఖ బయట మునిగి ఇప్పటికీ అడుగునే ఉంది. అలాంటి ఓడలోకి ఒక పిల్లవాడిని తీసుకెళ్ళి, ఇంజన్ గది వేడి ఎలా ఉండేదో, మనుషులు ఎంత ఇరుకులో పడుకునేవారో చూపించగలిగితే, చరిత్ర పాఠం వేరేగా చెప్పక్కర్లేదు. ఫోటోలతో ఆ పని జరగదు.

ఏ ఓడ చారిత్రకమో ఎవరు తేలుస్తారు?

మన దగ్గర ఎవరూ తేల్చరు, చిక్కంతా అక్కడే. పాత ఓడల కోసం ప్రత్యేకించి చట్టం లేదు. 1958 నాటి పురాతన కట్టడాల చట్టం వందేళ్ళు నిండినవాటి గురించి మాట్లాడుతుంది. 1972 నాటి పురావస్తువుల చట్టానికీ మామూలుగా వందేళ్ళే కొలత. ఉక్కు ఓడ నీళ్ళలో వందేళ్ళు నిలవడమే గొప్ప, కాబట్టి ఆ వయసొచ్చే లోపే దాని కథ ముగిసిపోతుంది. బ్రిటన్‌లో చారిత్రక నౌకల జాతీయ జాబితా ఉంది, అందులో చేరడానికి వయసు కొలత యాభై ఏళ్ళే. జాబితాకెక్కినంత మాత్రాన చట్టరక్షణ రాదు గానీ, పేరు నమోదై ఉంటుంది కాబట్టి యజమాని అమ్మబోతే నలుగురికీ తెలుస్తుంది. మనకు ముందుగా కావలసింది ఆ పాటి జాబితా.

మన దేశంలో కట్టిన పాత ఓడ ఒక్కటైనా ఎక్కడైనా మిగిలి ఉందా?

ఉంది, ఇంగ్లండ్‌లో. ట్రింకోమలీ అనే యుద్ధనౌకను బొంబాయి డాక్‌యార్డులో వాడియా కుటుంబం వాళ్ళు టేకుతో కట్టి 1817లో నీళ్ళలోకి దింపారు. తర్వాత పేరు మార్చుకుని ఎన్నో దశాబ్దాలు కుర్రాళ్ళకు శిక్షణ ఓడగా పనిచేసింది. 1990ల్లో హార్టిల్‌పూల్ అనే ఊళ్ళో దాన్ని బాగుచేశారు. ఇప్పటికీ నీటి మీదే ఉంది. టేకు గొప్పతనం కొంత, చేతులు మారినా ప్రతివాళ్ళూ దానికేదో ఒక పని ఇవ్వడం కొంత.

మన విశాఖలో కట్టిన మొదటి పెద్ద ఓడ జల ఉష. 1948 మార్చి 14న నెహ్రూ చేతుల మీదుగా నీళ్ళలోకి దిగింది. స్వతంత్ర దేశపు తొలి ఓడల్లో ఒకటి. ఇవాళ వెళ్ళి చూద్దామంటే లేదు.

జనం గట్టిగా అడిగితే ఆగిన ఓడలు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. అమెరికా యుద్ధనౌక కాన్‌స్టిట్యూషన్‌ను విరిచేస్తారన్న వార్త 1830లో వస్తే, ఒక కుర్రాడు కోపంతో పద్యం రాసి పత్రికకు పంపాడు. అది దేశమంతా పాకింది, ఓడ మిగిలింది. ఇప్పటికీ బోస్టన్‌లో ఉంది.

నాకు ఎక్కువ నచ్చేది మాత్రం గ్రేట్ బ్రిటన్ అనే ఇనుప ఓడ కథ. 1843లో బ్రిస్టల్‌లో నీళ్ళలోకి దిగింది. చివరికి ఫాక్లాండ్ దీవుల్లో గోదాముగా వాడి, 1937లో ఒక మూల ముంచి వదిలేశారు. 1970లో దాన్ని పైకి తేల్చి, ఒక పెద్ద తేలే వేదిక మీదకెక్కించి, అట్లాంటిక్ దాటించి, పుట్టిన డాక్‌లోకే తెచ్చారు. వదిలేసిన ముప్పై మూడేళ్ళకు!

## సర్వీసు ముగిసినప్పుడు

నౌకాదళం ఓడను మ్యూజియానికి ఊరికే ఇస్తుందట కదా, మరి కోట్ల ఖర్చు దేనికి?

ఏనుగును ఊరికే ఇస్తామన్నా మేత సంగతి చూసుకునే ఒప్పుకోవాలి. రాష్ట్రమో, స్థానిక సంస్థో ముందుకొస్తే నౌకాదళం సాయం చేస్తుంది, ఆయుధాలు, రహస్య పరికరాలు తీసేసి అప్పగిస్తుంది. ఆ తర్వాతి బరువంతా తీసుకున్నవాళ్ళదే. టగ్గులతో లాక్కురావడం, నిలబెట్టే పునాది, ప్రమాదకర పదార్థాల తొలగింపు, జనం ఎక్కి దిగడానికి మెట్లు, మంటలు ఆర్పే ఏర్పాట్లు, కరెంటు, గాలి. విరాట్ అనే విమానవాహక నౌకను సింధుదుర్గ్ జిల్లా నివతి దగ్గర మ్యూజియం, హోటల్ చేద్దామని మహారాష్ట్ర మంత్రివర్గం 2018 నవంబరులో ఒప్పుకున్నప్పుడు అంచనా 852 కోట్ల రూపాయలు. అదే ఓడను తుక్కు కింద వేలం వేస్తే వచ్చింది 38.54 కోట్లు. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే ప్రభుత్వాలు ఎందుకు వెనక్కి తగ్గుతాయో అర్థమవుతుంది.

విక్రాంత్ మ్యూజియంగానే ఉండేది కదా, దాన్ని కూడా ఎందుకు పోగొట్టుకున్నాం?

1997 జనవరిలో సర్వీసు ముగిశాక ముంబయిలో కొన్నేళ్ళు మ్యూజియంగా ఉంది. కానీ నీళ్ళలోనే, తాత్కాలిక ఏర్పాటుగానే ఉంది. శాశ్వతమైన చోటు, డబ్బు పెట్టే భాగస్వామి దొరకనే లేదు. అడుగుభాగం పాడైపోతూ వచ్చింది, 2012లో భద్రత బాగోలేదని సందర్శకులను ఆపేశారు. 2013 డిసెంబరులో ఆన్‌లైన్ వేలంలో సుమారు 60 కోట్లకు అమ్ముడైంది. ప్రజాప్రయోజన వ్యాజ్యం వేస్తే 2014 జనవరిలో బొంబాయి హైకోర్టు కొట్టేసింది. సుప్రీంకోర్టు కొన్నాళ్ళు ఆపింది గానీ ఆగస్టులో అడ్డు తొలగిపోయింది. నవంబరులో ముంబయి దారూఖానాలో కోత మొదలైంది.

కోర్టుల్ని, కొన్నవాళ్ళని తిట్టుకుంటాం గానీ ఓడ పోయింది 2014లో కాదు. పదిహేనేళ్ళు "చేద్దాం చూద్దాం" అంటూ గడిపేసిన కాలంలోనే పోయింది.

విరాట్ తుక్కు యార్డులున్న అలంగ్ చేరాక కూడా కొనడానికి ఒకళ్ళు వచ్చారట, ఎందుకు ఇవ్వలేదు?

నిజమే, వచ్చారు. 1959లో బ్రిటన్ నౌకాదళంలో హెర్మీస్ పేరుతో చేరి, 1982 ఫాక్లాండ్స్ యుద్ధంలో ముందుండి నడిచి, 1987 నుంచి 2017 దాకా మన దగ్గర పనిచేసిన ఓడ అది. ఏ రాష్ట్రం నుంచీ సొంతంగా నెట్టుకురాగల పూర్తి ప్రతిపాదన రాలేదని కేంద్రం 2019 జూలైలో పార్లమెంటుకు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ కూడా ఒక దశలో ఆసక్తి చూపింది, ముందుకు సాగలేదు. 2020 సెప్టెంబరు చివర్లో ఓడ అలంగ్ ఒడ్డుకెక్కింది.

అప్పుడు గోవాలో మ్యూజియం పెడతామని ముంబయి సంస్థ ఒకటి వచ్చింది. యార్డు యజమాని 100 కోట్లిస్తే అమ్ముతానన్నాడు, కానీ రక్షణ శాఖ అభ్యంతరం లేదన్న పత్రం కావాలన్నాడు. ఆ శాఖ ఇవ్వలేదు. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కోత ఆపమంది. ఏప్రిల్‌కి విచారణకొచ్చేసరికి దాదాపు నలభై శాతం కోసేశారని తేలింది. కోసేసినదాన్ని యుద్ధనౌక అనలేమంటూ కేసు మూసేశారు. నా ఉద్దేశంలో ఆ సంస్థ కోరిక మంచిదే, వచ్చిన వేళే మించిపోయింది.

మనమే చందాలేసుకుని వేలంలో కొనేస్తే?

ఇలాంటి వేలాలు ఎక్కువగా ఎంఎస్‌టీసీ అనే ప్రభుత్వ సంస్థ ఆన్‌లైన్‌లో నడుపుతుంది. ముందు ధరావతు కట్టాలి. సరుకు ఎక్కడ ఎలా ఉంటే అక్కడే అలాగే తీసుకోవాలి, గడువులోగా తరలించాలి. అసలు గొడవ షరతుల్లో ఉంటుంది. తుక్కు చెయ్యడానికే అని అమ్మిన ఓడను కొన్నవాళ్ళు వేరే పనికి వాడలేరు. కాబట్టి డబ్బు పోగైనా వేలం దాకా ఆగకూడదు. వేలం ప్రకటన రాకముందే రాష్ట్ర ప్రభుత్వం ద్వారా అప్పగింత కోరాలి. చందాలతో పడవ కొనొచ్చు, యుద్ధనౌక మటుకు కష్టం.

పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేస్తే ఆగిపోదా?

కొన్ని వారాలు ఆగొచ్చు. రాజ్యాంగం 49వ అధికరణ, 51ఎ వారసత్వాన్ని కాపాడమంటాయి, వాటిని చూపించి వాదిస్తారు. కానీ జడ్జి అడిగే రెండో ప్రశ్న ఎప్పుడూ ఒకటే: ఖర్చెవరు పెడతారు? దానికి కాగితం మీద జవాబు లేకపోతే కేసు నిలవదు.

అర్జీ పెట్టాలంటే ఎవరికి పెట్టాలి, ఎప్పుడు?

ఓడ డీకమిషన్ అవుతుందన్న (సర్వీసు ముగుస్తుందన్న) మాట వినపడగానే, ఇంకా నావికులు అందులో ఉండగానే. రక్షణ మంత్రిత్వ శాఖకు ఒకటి, నౌకాదళ ప్రధాన కార్యాలయానికి ఒకటి, ఓడ నిలపాలనుకునే రాష్ట్ర పర్యాటక, సాంస్కృతిక శాఖలకు చెరొకటి. ఉత్తరంలో దేశభక్తి ఒక వాక్యం చాలు. మిగతా అంతా స్థలం ఎక్కడ, నీటి లోతెంత, నడిపేది ఎవరు, ఏటా డబ్బు ఎక్కడి నుంచి అన్నదే ఉండాలి. జవాబు రాకపోతే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. ఎంపీ చేత పార్లమెంటులో ప్రశ్న అడిగించగలిగితే ఇంకా మంచిది, దానికి జవాబు రాతపూర్వకంగా వస్తుంది.

## అలంగ్ గురించి

మా వీధి కుర్రాళ్ళు అలంగ్‌లోనే పనిచేస్తున్నారు. ఓడల్ని కాపాడండంటే వాళ్ళ పొట్ట కొట్టినట్టు కాదా?

ఈ ప్రశ్న ఢిల్లీలో ఎవరూ అడగరు, గంజాంలోనే అడుగుతారు. గుజరాత్ భావ్‌నగర్ జిల్లాలోని అలంగ్‌లో 1983 నుంచి ఓడలు విరుస్తున్నారు. అక్కడ ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. పెద్ద పోటు రోజున ఓడను వేగంగా ఒడ్డుకి తోలి, నీళ్ళు తీశాక కోస్తారు. కోసే చేతులు ఎక్కువగా ఒడిశా, జార్ఖండ్, బీహార్, ఉత్తరప్రదేశ్‌లవి, అందులో మన జిల్లా వాటా తక్కువేం కాదు. సూరత్ మగ్గాలకు వెళ్ళిన ఇంటి నుంచే ఇంకొకడు అలంగ్‌కి వెళ్ళి ఉంటాడు.

లెక్క చూస్తే ఏటా అక్కడికొచ్చేవి, ఈ మధ్య తగ్గినా, వంద దాకా ఉంటాయి, కాపాడమని అడిగేది పదేళ్ళకు ఒకటో రెండో. కూలి పోదు. పైగా ఆ కుర్రాళ్ళకున్న జ్ఞానం మ్యూజియం వాళ్ళకు కావాలి. ఏ గోడ వెనక ఏ పైపు ఉంటుందో, ఏ పలక ముందు తీస్తే ఓడ ఒరిగిపోతుందో వాళ్ళకే తెలుసు. విరాట్ కోసినవాళ్ళలో మన ఊరివాడు ఎవరైనా ఉంటే, వాడు చెప్పింది ఫోన్‌లో రికార్డు చేసి ఉంచండి. అడ్మిరల్ జ్ఞాపకాలు అచ్చవుతాయి, వీడివి అవ్వవు.

ఆస్బెస్టాస్ అంటే అంత భయమెందుకు? మ్యూజియం ఓడలో తిరిగితే మనకూ ప్రమాదమా?

పాత ఓడల్లో బాయిలర్లకు, ఆవిరి పైపులకు వేడి బయటికి రాకుండా ఆస్బెస్టాస్ చుట్టేవారు. కదపకుండా, కప్పి ఉంచితే ప్రమాదం తక్కువ. కోసినప్పుడు, చించినప్పుడు దాని సన్నటి పోగులు ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి, ఎన్నో ఏళ్ళ తర్వాత జబ్బు చేస్తుంది. ఫ్రెంచి నౌక క్లెమన్సో అలంగ్ దారిలో ఉండగా ఈ గొడవతోనే 2006లో వెనక్కి తిరిగింది, చివరికి ఇంగ్లండ్‌లో విరిచారు. మ్యూజియం చేసేటప్పుడు ముందు దాన్ని తీయాలి లేదా మూసి ముద్ర వేయాలి. అప్పుడు చూడ్డానికొచ్చేవాళ్ళకు టెన్షన్ అక్కర్లేదు. కోతపనిలో ఉన్నవాళ్ళకే సరైన మాస్కు, విడి బట్టలు తప్పనిసరి.

## ఓడ దక్కాక

నీళ్ళలో ఉంచడం మంచిదా, ఒడ్డుకి ఎక్కించడమా?

డబ్బుంటే ఒడ్డే మంచిది. నీళ్ళలో ఉంటే అడుగుభాగం కళ్ళకు కనపడకుండా తినేస్తుంది. అమెరికాలో టెక్సస్ యుద్ధనౌక 1948 నుంచి నీళ్ళలో మ్యూజియంగా ఉండి, చిల్లులు పడి, చివరికి 2022లో డ్రై డాక్‌కి (నీళ్ళు తోడేసి ఓడను బాగుచేసే చోటికి) వెళ్ళాల్సొచ్చింది. జపాన్ వాళ్ళు మికాసాను యొకొసుకాలో వందేళ్ళ కిందటే నేలలో పాతేశారు.

మనకు దగ్గర పాఠం కుర్సురా. 1969లో చేరి 2001లో విరమించిన జలాంతర్గామి, పొడవు 91 మీటర్లు. విశాఖ రామకృష్ణా బీచ్‌లో ఇసుక మీదికి లాగి పునాది మీద నిలబెట్టడానికి ఏడాదిన్నర పట్టింది. 2002 ఆగస్టులో తెరిచారు. 2014లో హుద్‌హుద్ తుపాను నేరుగా విశాఖ మీదకొచ్చినా ఓడ చోటు కదల్లేదు. నీళ్ళలో తాళ్ళతో కట్టి ఉంచుంటే ఏమయ్యేదో ఫైలిన్ తుపాను చూసిన గంజాంవాళ్ళకు చెప్పక్కర్లేదు.

ఒడ్డుకెక్కినా తుప్పు ఆగదు, ఉప్పుగాలి ఉంటుంది. బ్రిస్టల్‌లోని గ్రేట్ బ్రిటన్ ఓడ చుట్టూ గాజు కప్పు వేసి, కింద గాలిలో తేమను ఇరవై శాతానికి దించి ఉంచుతున్నారు. మన తీరంలో అది జరిగే పని కాదు, ఏటా గీకి రంగు వేయడమే మార్గం.

టికెట్ల డబ్బుతో గడిచిపోదా?

ఊరి నడిబొడ్డున ఉన్న చిన్న ఓడకు గడవచ్చు, కుర్సురా అందుకే నిలిచింది. పెద్దదానికి గడవదు. యునైటెడ్ స్టేట్స్ అనే ప్రయాణికుల నౌక 1952లో అట్లాంటిక్ వేగం రికార్డు సాధించింది. దాన్ని కాపాడాలని ఒక సంఘం 2011లో కొని ఎంతో పోరాడింది. ఫిలడెల్ఫియా రేవు అద్దె దగ్గర గొడవై, 2024లో ఖాళీ చెయ్యమని కోర్టు చెప్పింది. 2025 ఫిబ్రవరిలో ఓడ అక్కణ్ణుంచి కదిలింది, ఫ్లోరిడా దగ్గర ముంచడానికి.

సముద్రంలో ముంచి చేపలకు గూడు చేస్తే అది కాపాడినట్టేనా?

నేనైతే సగం కాపాడినట్టు అంటాను. 2024లో విరమించిన గుల్దార్ అనే నౌకను మహారాష్ట్ర పర్యాటక సంస్థ తీసుకుంది, నివతి దగ్గరే నీటి కింద మ్యూజియంలా చేసే పథకం. విరాట్ రావాల్సిన చోటికి దానికంటే ఎంతో చిన్నది వచ్చిందన్నమాట. నూనె, రంగులు, ప్లాస్టిక్ శుభ్రంగా తీశాక ముంచితే చేపలు చేరతాయి, డైవింగ్ నేర్చినవాళ్ళు చూస్తారు. మన అమ్మమ్మలు చూడలేరు.

మొత్తం ఓడ దక్కదని తేలిపోతే ఏం దాచాలి?

గంట, లంగరు, చుక్కాని చక్రం, పేరు పలక అందరికీ గుర్తుంటాయి. వాటికన్నా ముందు అడగాల్సింది డ్రాయింగులు, లాగ్ పుస్తకాలు, సిబ్బంది ఫోటోలు. ఇప్పుడు లేజర్ స్కాన్‌తో ప్రతి గదినీ కొలతలతో సహా కంప్యూటర్‌లో దాచొచ్చు. కోత మొదలవకముందు చేయించగలిగితే ఖర్చు ఓడ నిర్వహణతో పోలిస్తే చాలా తక్కువ. విక్రాంత్ లోహంతో చేసిన స్మారకం 2016లో ముంబయిలో పెట్టారు. అదే ఏడాది ఆ లోహం కలిపి ఒక మోటార్‌సైకిల్ కూడా అమ్మారు. బరంపురం రోడ్ల మీద అది చూసే ఉంటారు, పెట్రోల్ ట్యాంకు మీద మూత తీసి చూపించేవాళ్ళు కూడా తగిలే ఉంటారు.

## మన తీరం సంగతి

బరంపురం నుంచి వెళ్ళి చూడదగ్గవి ఏమున్నాయి?

విశాఖలో కుర్సురా, దాని ఎదురుగానే టీయూ-142 విమానం. కటక్ జోబ్రాలో ఒడిశా సముద్ర వాణిజ్య మ్యూజియం ఉంది, మహానది కాలువల కోసం 1869లో పెట్టిన పాత వర్క్‌షాపులోనే దాన్ని ఏర్పాటు చేశారు. శ్రీకాకుళం జిల్లా బారువ దగ్గర సముద్రంలో మునిగిన పాత ఓడ శిథిలం ఉంది, అది డైవింగ్ చేసేవాళ్ళకే.

గోపాల్‌పూర్‌లో కూడా ఒక యుద్ధనౌక పెట్టించలేమా?

పెట్టించవచ్చేమో గానీ నేను వద్దంటాను. అక్కడ తీరం బాహాటంగా సముద్రానికి ఎదురుగా ఉంది, అలలు ఎక్కువ, తుపానుల దారి. 2013లో ఫైలిన్ తీరం దాటింది ఆ చుట్టుపక్కలే. ఇంకో మాట, గోపాల్‌పూర్ చరిత్ర యుద్ధనౌకలది కాదు. మన తాతలు రంగం (బర్మాలోని రంగూన్) వెళ్ళే స్టీమర్ ఎక్కిన రేవు అది. స్టీమరు దూరంగా లంగరేసేది. మనుషుల్ని, బియ్యం బస్తాల్ని అలలు దాటించి దానికి చేర్చినవి మన జాలర్ల కుట్టు పడవలే. వాటికి ఒక షెడ్డు, ఆ రంగం ప్రయాణాల ఫోటోలకు రెండు గదులు కావాలని అడగడం నయం.

మా పెరట్లో తాతల నాటి కుట్టు పడవ పడి ఉంది. అదీ చారిత్రకమేనా? ఏం చెయ్యాలి?

చారిత్రకమే, బహుశా మీరనుకున్నదానికంటే ఎక్కువగా. మేకులు లేకుండా పలకలకు చిల్లులు పెట్టి కొబ్బరి పీచు తాడుతో కుట్టిన పడవ అల తగిలితే కొద్దిగా వంగుతుంది, విరగదు. ఫైబర్ బోట్లు వచ్చాక ఆర్యపల్లి నుంచి సోనాపూర్ దాకా కుట్టేవాళ్ళే కరువయ్యారు.

ముందు దాన్ని నేల మీంచి లేపి ఇటుకల మీద పెట్టండి, లేకపోతే చెద పడుతుంది. నీడ ఉండాలి, గాలి ఆడాలి. ఎండలో పెడితే పలకలు చీలతాయి. రంగు, వార్నిష్ వేయొద్దు. తాడు తెగి ఉన్నా కొత్తది కుట్టేయకండి, పాత ముడులే అసలు సమాచారం. ప్రతి ముడినీ పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయండి. పొడవు, వెడల్పు, లోతు, పలకల సంఖ్య రాసుకోండి. ఊళ్ళో పడవ కుట్టిన పెద్దాయన ఎవరైనా ఉంటే కూర్చోబెట్టి, ఒక్కో భాగాన్నీ ఏమనేవారో ఆయన మాటల్లోనే రికార్డు చేయండి, ఒడియాలో చెప్పినా తెలుగులో చెప్పినా సరే. ఆ ఫోటోలతో జోబ్రా మ్యూజియానికి ఉత్తరం రాయండి.

రిసార్టుల వాళ్ళు పూలకుండీలు పెట్టుకోవడానికి ఇలాంటివి కొనడానికొస్తారు. డబ్బవసరమై ఇచ్చేస్తే ఎవరూ తప్పుపట్టరు గానీ, కొలతలు, ఫోటోలు అయ్యాకే ఇవ్వండి.